ఇంటి చదువు: వారానికి ఆరు పనులు, ఒక ఖాళీ రోజు

పిల్లల వైద్యునిగా పనిచేసిన కాలంలో కడుపునొప్పితో నా వద్దకు వచ్చిన పిల్లలు లెక్కకు మిక్కిలి. వారిలో ఒక బాలుడు ఇప్పటికీ నాకు గుర్తుకు వస్తుంటాడు. రెండవ తరగతి చదువుతున్న ఆ పిల్లవానికి బొడ్డు చుట్టూ నొప్పి. పరీక్షించి చూస్తే పొట్ట మెత్తగా ఉంది. బరువు వయసుకు తగినట్లే ఉంది. మల మూత్ర పరీక్షలలో దోషం కనిపించలేదు. నులిపురుగుల మందు అప్పటికే రెండు మార్లు వేశారు. నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందని అడిగితే తల్లి కొంచెం ఆలోచించి, "సోమవారం పొద్దున్నే ఎక్కువండీ. వేసవి సెలవుల్లో అసలు రాలేదు" అన్నది. ఆదివారం ఏమి చేస్తాడని అడిగాను. వారాంతానికి ఇచ్చిన హోంవర్కు అంతా ఆ రోజు కూర్చోబెట్టి చేయిస్తామని తండ్రి చెప్పాడు. సంచి తెప్పించి చూశాను. నాలుగు నోటుపుస్తకాలలో కలిపి ఇరవై పుటలకు పైగా రాయవలసి ఉంది. అందులో సగం, ఒకటి నుండి వంద వరకు అంకెలను మళ్ళీ మళ్ళీ రాయడమే.

బడిపిల్లలలో పదే పదే వచ్చే కడుపునొప్పి వైద్యులకు కొత్త విషయం కాదు. బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ 1950లలోనే దీనిని శ్రద్ధగా పరిశీలించి, పదిమంది బడిపిల్లలలో ఒకరు ఇటువంటి నొప్పితో బాధపడుతున్నారనీ, వారిలో అత్యధికులకు శరీరంలో ఏ వ్యాధీ కనిపించదనీ చూపాడు. వ్యాధి కనిపించనంత మాత్రాన నొప్పి అబద్ధమని కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నాడుల ద్వారా నిరంతరం వార్తలు నడుస్తూ ఉంటాయి. భయం, దిగులు కలిగినప్పుడు పేగుల కదలిక మారుతుంది. అవి చిన్నపాటి సాగుదలను సైతం నొప్పిగా గ్రహిస్తాయి. పెద్దవారు దిగులును మాటలలో చెబుతారు. ఏడేళ్ళ పిల్లవాడు పొట్ట పట్టుకుంటాడు.

ఆ తల్లిదండ్రులకు నేను మందు రాయలేదు. ఉపాధ్యాయులతో మాట్లాడి రాతపని తగ్గించుకోమనీ, ఆదివారం పిల్లవానిని వదిలివేయమనీ చెప్పాను. నొప్పి మరునాటికే మాయమైందని చెప్పను కాని, రెండు నెలలలో బాగా తగ్గింది. అయితే ఆనాడు లేచి వెళ్ళబోతూ తండ్రి ఒక ప్రశ్న అడిగాడు. "రాయించవద్దంటే మానేస్తాం సార్. మరి ఇంటి దగ్గర ఏమి చేయించమంటారు?" ఆ ప్రశ్నకు అప్పుడు నా దగ్గర సరియైన సమాధానం లేదు. "ఆడుకోనివ్వండి" అని చెప్పి పంపించాను. అది సగం సమాధానమే. మిగిలిన సగం ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాను.

నా అభిప్రాయం సూటిగా ఇది. ప్రాథమిక పాఠశాలలో చదివే పిల్లలకు ఇంట్లో చదువు ఉండాలి. కాని అది బడిలో చేసినదానిని మళ్ళీ చేయించే చదువు కాకూడదు. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఒక ఉపాధ్యాయురాలు చేయలేని పనులు రెండున్నాయి. ఒకటి, ఒక్కొక్క పిల్లవాని మాటను తీరికగా పది నిమిషాలు వినడం. రెండు, బియ్యం, పప్పు, డబ్బు, మట్టి వంటి నిజమైన వస్తువులను వాని చేతికి ఇవ్వడం. ఈ రెండూ ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఉన్న వాటిని వదలి, బడిలోని నోటుపుస్తకాన్ని ఇంటికి తెచ్చుకుని దాని కోసం పోట్లాడుకుంటున్నాం.

ఇది నా ఒక్కడి మాట కాదు. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు హోంవర్కు ఇవ్వరాదని కేంద్ర ప్రభుత్వం 2018 నవంబరులోనే రాష్ట్రాలకు తెలియజేసింది. 2020లో వెలువడిన పాఠశాల సంచి విధానం అదే మాటను తిరిగి చెప్పింది. మూడు నుండి ఐదు తరగతుల వారికి వారం మొత్తానికి రెండు గంటలకు మించరాదని, సంచి బరువు పిల్లల బరువులో పదోవంతుకు మించరాదని పేర్కొన్నది. చిన్న తరగతుల పిల్లలు నిన్నటి సాయంత్రం ఎలా గడిపారో, ఏ ఆటలు ఆడారో, ఏమి తిన్నారో తరగతిలో చెప్పేటట్లు ప్రోత్సహించాలని కూడా ఆ విధానంలో ఉంది. వారంలో రెండు గంటలంటే రోజుకు ఇరవై నిమిషాలు. మన ఇళ్ళలో ఈ కొలత పాటిస్తున్నవారు ఎందరో చదువరులే ఆలోచించుకోవాలి.

ఇందులో ఆరోగ్య విషయం ఎక్కడున్నదని కొందరు అడగవచ్చు. మూడు సంగతులు చెబుతాను.

మొదటిది చేయి. మన మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలున్నాయి. పుట్టినప్పుడు అవి మృదులాస్థిగా ఉండి, ఒకదాని తరువాత ఒకటి ఎముకగా మారడం మొదలుపెడతాయి. చివరి దాని వంతు సాధారణంగా తొమ్మిది, పన్నెండేళ్ళ మధ్య వస్తుంది. వేళ్ళ కండరాలు, వాటిని నడిపే నాడుల పొందిక కూడా క్రమంగానే పరిణతి చెందుతాయి. అందుచేత రాత హానికరమని నేను అనడం లేదు. ఆరేళ్ళ పిల్లకు అరగంట ఏకధాటిగా రాయడం మనకు మూడు గంటలు రాసినట్లని గ్రహించమంటున్నాను. అక్షరాలు వంకరపోవడం చాలా సందర్భాలలో సోమరితనం కాదు. అలసట.

రెండవది కన్ను. దూరపు వస్తువులు మసకగా కనిపించే హ్రస్వదృష్టి బడిపిల్లలలో పెరుగుతున్నది. చైనాలోని గ్వాంగ్‌ఝౌ నగరంలో పన్నెండు ప్రాథమిక పాఠశాలలపై జరిగిన పరిశోధన 2015లో ప్రచురితమైంది. సగం పాఠశాలలలో ఒకటవ తరగతి పిల్లలకు ప్రతి బడిరోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే ఏర్పాటు చేశారు. మూడేళ్ళ తరువాత ఆ పిల్లలలో 30.4 శాతం మందికి కొత్తగా హ్రస్వదృష్టి రాగా, మిగిలిన పాఠశాలలలో 39.5 శాతం మందికి వచ్చింది. మందు లేదు, ఖర్చు లేదు. పగటి వెలుతురు మాత్రమే. సాయంత్రపు ఎండను ట్యూషను గదికి ఇచ్చివేస్తే ఆ రక్షణను చేజేతులా పోగొట్టుకున్నట్లే.

మూడవది నిద్ర. ఆరు నుండి పన్నెండేళ్ళ పిల్లలకు రోజుకు తొమ్మిది నుండి పన్నెండు గంటల నిద్ర అవసరమని నిద్రా వైద్యుల సిఫారసు. పగలు నేర్చినది మెదడులో స్థిరపడేది నిద్రలోనే. రాత్రి పదిన్నర వరకు రాయించి ఉదయం ఆరింటికి లేపితే, ఆ రాసిన దానిని నిలుపుకొనే అవకాశాన్నే తగ్గిస్తున్నాము.

ఇక ఆ తండ్రి ప్రశ్నకు సమాధానం. వారంలో ఆరు రోజులు, రోజుకు ఒక చిన్న పని. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలకు మించనక్కరలేదు. ఇంట్లో ఎలాగూ జరిగే పనినే పిల్లలతో కలిసి చేయడం ఇందులోని కిటుకు.

సోమవారం మాట. భోజనాల వేళ ఇంట్లోని పెద్దలలో ఒకరు ఒక కథగాని, తమ చిన్ననాటి సంఘటనగాని చెప్పాలి. తరువాత పిల్లవాడు దానిని తన మాటలలో తిరిగి చెప్పాలి. తప్పులు దిద్దవద్దు. "ఆ తరువాత?" అని మాత్రం అడగండి. జరిగినదానిని వరుస తప్పకుండా చెప్పడం, ఎందుకు జరిగిందో చెప్పడం, వ్యాసం రాయడానికి పునాది. కథ చెప్పడం రానివారికి పొడుపు కథలున్నాయి. ఒక వస్తువు పేరు చెప్పకుండా దాని గుణాలను మాత్రమే వర్ణించడం ఎంతటి బుద్ధికుశలతో, పిల్లలచేత ఒక కొత్త పొడుపు కథ కట్టించి చూస్తే తెలుస్తుంది.

మంగళవారం కొలత. అన్నం వండేటప్పుడు బియ్యం, నీళ్ళు పిల్లలచేత కొలిపించండి. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళయితే రెండున్నర గ్లాసులకు ఎన్ని? మన పెద్దల ఇళ్ళలో ఇప్పటికీ సోల, తవ్వ, మానిక కనిపిస్తే వాటిని దించి ఇవ్వండి. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. సోల మానికలో నాలుగోవంతని చేతితో పోసి తెలుసుకున్న పిల్లకు భిన్నాలంటే భయం కలుగదు. పొయ్యి దగ్గరకు మాత్రం పోనివ్వవద్దు. కాలిన గాయాలతో వచ్చిన పిల్లలను చాలామందిని చూశాను.

బుధవారం వేళ్ళు. గోరుచిక్కుడు కాయల నారలు తీయడం, వెల్లుల్లి ఒలవడం, చపాతీ పిండి పిసకడం, పూలు గుచ్చడం, చొక్కాకు బొత్తాము కుట్టడం. బొటనవేలు, చూపుడువేలు కలిపి పట్టే పట్టు ఈ పనులలో బలపడుతుంది. పెన్సిలు పట్టుకోవడానికి కావలసినదీ ఆ పట్టే. అబ్బాయిలకు ఈ పనులెందుకని అడిగేవారికి ఒకటే జవాబు. శస్త్రచికిత్స చేసే చేతులకు కూడా ముందుగా ఇదే కావాలి.

గురువారం చదవడం. పాఠ్యపుస్తకం కానిది ఏదైనా పది నిమిషాలు బిగ్గరగా చదవాలి, ఒకరు వినాలి. కథల పుస్తకం కావచ్చు, సరుకుల పొట్లం కట్టిన పత్రిక ముక్క కావచ్చు, మందు సీసాపై రాసిన మాటలు కావచ్చు. దీని అవసరం చిన్నది కాదు. గ్రామీణ ప్రాంతాలలో జరిపే అసర్ సర్వే 2024లో దేశం మొత్తం మీద ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లలను పరీక్షిస్తే, రెండవ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. ఇరవై పుటలు రాసే పిల్లలు పది వాక్యాలు చదవలేకపోవడం మనం ఆలోచించవలసిన విషయం. చూసి రాయడానికి అర్థం తెలియనక్కరలేదు. చదివి చెప్పడానికి తెలియాలి.

శుక్రవారం బజారు. మీ ఊరిలో సంత మరొక రోజయితే ఆ రోజుకు మార్చుకోండి. పిల్లల చేతికి యాభై రూపాయలిచ్చి రెండు కూరగాయలు కొనిపించండి. వంకాయలు కిలో 40 రూపాయలయితే పావుకిలో ఎంత, టమాటాలు కిలో 30 అయితే అరకిలో ఎంత, చిల్లర ఎంత రావాలి? ఈ లెక్క తప్పితే ఎరుపు సిరాతో కొట్టివేత ఉండదు. చిల్లర తక్కువ వస్తుంది, అంతే. అటువంటి పాఠం మరచిపోరు. దానితోపాటు అపరిచితులైన పెద్దలతో మర్యాదగా మాట్లాడడం కూడా అలవడుతుంది.

శనివారం మట్టి, ఆట. రెండు డబ్బాలలో మట్టి పోసి నానబెట్టిన పెసలు నాటించండి. ఒకటి వెలుతురులో, ఒకటి అలమరలో ఉంచండి. తరువాతి శనివారం స్కేలుతో కొలిపించండి. చీకటిలోని మొక్క పాలిపోయి, సన్నగా, కాని పొడవుగా పెరిగి ఉంటుంది. పొడవుగా పెరిగినదల్లా ఆరోగ్యంగా పెరిగినట్లు కాదని వారే కనుక్కుంటారు. ఆ సంగతి తల్లిదండ్రులకు కూడా పనికివస్తుంది. తరువాత బయటకు పంపండి. తొక్కుడుబిళ్ళ, దాగుడుమూతలు, సైకిలు, ఏదైనా సరే. ఐదేళ్ళు దాటిన పిల్లలకు సగటున రోజుకు గంటసేపు ఒళ్ళు అలసే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కనుక ఆట శనివారానికే పరిమితం కారాదు. వాన పడితే వామనగుంటలు తీయండి. పద్నాలుగు గుంటలు, చింతగింజలు. ఏ గుంట నుండి మొదలుపెడితే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందుగా ఊహించడమే గణితం. ఇంట్లో మూడేళ్ళ లోపు చంటిపిల్లలుంటే మాత్రం ఆట ముగిసిన వెంటనే గింజలు లెక్కపెట్టి దాచండి. శ్వాసనాళంలో గింజ ఇరుక్కుంటే ప్రాణాపాయం.

ఆదివారం ఏ పనీ లేదు. దీనిని ఏదో ఒక తరగతితో నింపాలని ప్రతి తల్లికీ, తండ్రికీ అనిపిస్తుంది. దయచేసి నింపవద్దు. "ఏమీ తోచడం లేదు" అని పిల్లవాడు వచ్చి నిలబడినప్పుడు ఫోను చేతిలో పెట్టకుండా కాసేపు ఓపిక పట్టండి. అరగంటలో అట్టపెట్టెతో బస్సు కడతాడు, లేదా పక్కింటి పిల్లలతో కొత్త ఆట పుట్టిస్తాడు. తన సమయాన్ని తాను నింపుకోవడం కూడా ఒక విద్యే.

ఈ మాటలు చెప్పినప్పుడల్లా రెండు అభ్యంతరాలు వింటుంటాను. మొదటిది, "మాకు చదువు రాదు డాక్టరుగారూ, మేమేం నేర్పగలం?" అని. ఇలా అడిగిన ఒక తల్లి పూలమ్ముకుని జీవించేది. ఆమె కూతురు మూడవ తరగతి. సాయంత్రం పూలు మూరలు కొలిచే పనిని వారానికొకసారి కూతురికి ఇవ్వమన్నాను. తరువాత ఒకసారి జ్వరానికి వచ్చినప్పుడు ఆ పిల్లే నన్ను అడిగింది. "అమ్మ కొలిస్తే ఆరు మూరలు వచ్చిన దండ నేను కొలిస్తే ఎనిమిది వచ్చింది. ఎవరిది తప్పు?" ఎవరిదీ తప్పు కాదు, మూర మనిషిని బట్టి మారుతుంది, అందుకే మీటరు వచ్చింది అని చెప్పాను. కొలమానాల పాఠంలోని అసలు ప్రశ్నను అక్షరం రాని తల్లి ఇంట్లో ఆ పిల్ల తనంత తానే పట్టుకున్నది. చదువు రాని తల్లి కూడా వినగలదు, అడగగలదు, పని ఇవ్వగలదు. నేర్పడంలో ముఖ్యభాగం అదే.

రెండవ అభ్యంతరం పోటీ గురించి. "పక్కింటి పిల్లలు రాస్తుంటే మావాళ్ళు వెనుకబడరా?" అని. తల్లిదండ్రుల ఈ భయాన్ని నేను తేలికగా తీసుకోను. మన రాష్ట్రాలలో ప్రవేశపరీక్షల వేడి ఆరవ తరగతికే తగులుతున్నది. కాని ముందు ముందు పదేళ్ళు చదవవలసిన పిల్లకు ఏడవ ఏటనే పుస్తకం చూస్తే కడుపునొప్పి వస్తే, అది ముందంజ కాదు. అర్థం చేసుకుని చదవడం, అంకెలతో చనువు, కూర్చుని ఒక పనిని ముగించే ఓర్పు ఉన్న పిల్లలు తరువాత ఏ పరీక్షనైనా అందుకోగలరు. పై ఆరు పనులూ ఈ మూడింటి కోసమే. బడివారు తప్పక చేయమన్న రాత ఉంటే అది కూడా చేయించండి. అది కొలతకు మించినదని తోచినప్పుడు మాత్రం నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్ళి, మర్యాదగా, 2020 విధానాన్ని చూపి అడగండి. అడిగితే తగ్గించే ఉపాధ్యాయులు మనం అనుకున్నదానికంటే ఎక్కువమందే ఉన్నారు.

వైద్యునిగా ఒక హెచ్చరిక కూడా చేయాలి. ప్రతి కడుపునొప్పినీ హోంవర్కు ఖాతాలో వేయరాదు. నొప్పి నిద్రలోనుండి లేపుతున్నా, బొడ్డుకు దూరంగా ఒకేచోట ఉన్నా, బరువు తగ్గుతున్నా, జ్వరం, ఆగని వాంతులు, మలంలో నెత్తురు ఉన్నా వెంటనే వైద్యునికి చూపించాలి. అక్షరాలు తారుమారు చేయడం, ఎంత చెప్పినా చదవలేకపోవడం రెండవ, మూడవ తరగతిలో కూడా కొనసాగితే ముందుగా చూపు, వినికిడి పరీక్షించాలి. ఆ తరువాత చదవడంలో ప్రత్యేకమైన ఇబ్బంది ఉన్నదేమో నిపుణులచేత చూపించాలి. అటువంటి పిల్లలను ఎక్కువ రాయించడం వల్ల మేలు జరగదు. దెబ్బలవల్ల అసలే జరగదు.

ఈ ఉపదేశం చేసే అర్హత నాకు ఎంతవరకు ఉందో కూడా చెప్పాలి. నా కుమారుడు మూడవ తరగతిలో ఉన్నప్పుడు, రాత్రి తొమ్మిదింటికి ఆసుపత్రి నుండి వచ్చి వానిచేత ఎక్కాలు అప్పజెప్పించేవాడిని. పదమూడవ ఎక్కం దగ్గర తడబడితే గద్దించేవాడిని. పగలంతా పరాయి పిల్లలను బుజ్జగించి, ఇంటికి వచ్చి సొంత పిల్లవానిపై అలసట తీర్చుకున్నానని అప్పుడు నాకు తోచలేదు. వాడు పెద్దవాడయిన తరువాత ఒకనాడు నవ్వుతూ, "వీధి మలుపులో మీ స్కూటరు చప్పుడు వినబడగానే దుప్పటి ముసుగు పెట్టుకుని నిద్ర నటించేవాడిని నాన్నగారూ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ మాట మాత్రం ఈనాటికీ నన్ను వదలలేదు.

ఇప్పుడు వేరే ఊరిలో ఉన్న వాని కూతురికి ఏడేళ్ళు. ప్రతి గురువారం సాయంత్రం నాకు ఫోను చేసి, తెలుగు కథల పుస్తకంలో ఒక పుట చదివి వినిపిస్తుంది. ఒత్తుల దగ్గర ఆగుతుంది, తప్పు చదువుతుంది, తానే దిద్దుకుంటుంది. నేను దిద్దను. "ఆ తరువాత?" అంటాను. పది నిమిషాలు. ఆ పది నిమిషాలు నేను మరే పనీ పెట్టుకోను.

తండ్రి అయినప్పుడు చేయలేని పనిని తాత అయిన తరువాత చేస్తున్నాను. దీనిని చదివే తల్లిదండ్రులు అంతకాలం ఆగనక్కరలేదు. వచ్చే సోమవారం ఒక కథతో మొదలుపెట్టవచ్చు.